పెట్టె చెప్పని ఎనిమిది నామాలు

టేప్ రికార్డరు మీద ఇంత కోపమా అని ఇప్పటివాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నా కోపం ఊరికే పుట్టింది కాదు.

ఎనభైల మొదట్లో నేను తిరుపతి నుంచి పాకాలకు రోజూ పొద్దుటి ప్యాసింజరులో వెళ్లి వచ్చేదాన్ని. పాకాలలో ఒక బడిలో తెలుగు టీచరుగా పనిచేసేదాన్ని. అప్పటికి అది చిన్న లైను, బొగ్గు ఇంజను. ఉతికిన చీర కట్టుకుని ఎక్కితే దిగేసరికి కొంగంతా నుసి. ఆడవాళ్ల బోగీలో రోజూ చూసే ముఖాలే ఉండేవి. ఒకామె చంద్రగిరి వచ్చేలోపల ఇంటిల్లిపాదికీ సరిపడా చిక్కుడుకాయలకు ఈనెలు తీసి సంచిలో పోసుకునేది. ఇంకొకామె ఎక్కగానే నిద్రపోయి, పాకాల ముందు సిగ్నలు దగ్గర ఎవరూ లేపకుండానే లేచి జడ సరిచేసుకునేది. చెక్క గోడకు అవతల మగవాళ్ల బోగీలో గుమాస్తాలు మోకాళ్ల మీద తువ్వాలు పరుచుకుని పేకాడేవాళ్లు. తల పైకెత్తి కిటికీలోంచి చంద్రగిరి కోటను చూసినవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడని ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ బోగీలో ఎదురెదురుగా ఉన్న రెండు చెక్క బెంచీలను చూసినప్పుడు నాకు మా నాయన గుర్తుకొచ్చారు. నాయన గుడి గోష్ఠిలో పాశురాలు చెప్పేవారు. గోష్ఠిలో రెండు వరుసలు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక వరుస ఒక పాదం చెబితే ఎదుటి వరుస తరువాతి పాదం అందుకుంటుంది. ఆడపిల్లను కాబట్టి నాకు ఆ వరుసలో చోటు లేదు. అయినా ఇంట్లో నాయన నాకు సంత చెప్పారు. గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు చెప్పాలి. అదే సంత. శిష్యుడి రెండో మాట సరిగ్గా వచ్చేదాకా గురువు ముందుకు పోడు. నాకు దగ్గు వస్తే నాయన ఆగేవారు. నేను నిద్రమత్తులో జోగితే నెత్తి మీద ఒక్కటి వేసి ఆగేవారు. సహస్రనామంలోని వెయ్యి నామాలూ నాకు అట్లాగే వచ్చాయి, పుస్తకం ముట్టకుండా.

రైల్వేవాళ్లు తమకు తెలియకుండానే మాకు గోష్ఠికి తగిన బెంచీలు వేసి పెట్టారు. వాటిని ఊరికే కబుర్లకు ఎందుకు వదలాలి? ఒకరోజు నేను మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి పదిమంది చేరారు. తిరుపతిలో కూత వేయగానే చెప్పులు బెంచీ కిందికి తోసి మొదలుపెడితే పనపాకం దాటేలోగా వెయ్యి నామాలూ పూర్తయ్యేవి. నేనున్న బెంచీ ఒక పాదం, ఎదుటి బెంచీ ఒక పాదం. మధ్యలో గోడ అవతలి నుంచి "షో!" అని పేకాటవాళ్ల కేక. టికెట్లు చూసే ఆయన మా బోగీ గుమ్మంలో చేతులు జోడించి, పూర్తయ్యేదాకా నిలబడేవాడు. ఆయన అట్లా భక్తిగా నిలబడిన అరగంటలో టికెట్టు లేనివాళ్లంతా హాయిగా వెనక బోగీలకు మారిపోయేవాళ్లు. పారాయణ వల్ల వాళ్లకు అంత తొందరగా ఫలం దక్కుతుందని నేను అనుకోలేదు.

ఆ పదిమందిలో పూలామె ఒకతె. తిరుచానూరు మనిషి. మొదటి బస్సుకు తిరుపతి వచ్చి, మార్కెట్టులో పూలు కొని, బండిలో కూర్చుని మాల కడుతూ పాకాలకు వచ్చి అమ్ముకునేది. చదువు రాదు. మొదట కొన్నాళ్లు నేల మీద గంప పక్కనే కూర్చుని వినేది. ఒకరోజు దారం పళ్లతో తెంపి నా వైపు చూసి అడిగింది.

"టీచరమ్మా, నాకు నేర్పిస్తారా?"

"ఏం నేర్పాలి?"

"అదంతా. వెయ్యీ. నేను కట్టిన పూలు అమ్మవారి మెడ దాకా పోతాయి. నా నోట్లోంచి మాత్రం ఒక్క మంచి మాట కూడా ఆడికి పోలే. అమ్మవారి ఉత్సవాల్లో ఆఖరు రోజు, పంచమి తీర్థం నాడు గోపురం ముందర నిలబడుకోని ఒక్కసారి, సూడకుండా చెప్పాలని నా ఆశ. ఈ జన్మకు అది సాలు."

"బెంచీ మీద కూర్చో" అన్నాను.

రోజూ పారాయణ అయ్యాక పాకాల వచ్చేదాకా ఆమెకు సంత. నేను ఒకసారి, ఆమె రెండుసార్లు. చేతులు మాల కడుతూనే ఉండేవి. రెండో మాట తప్పితే నేను చెప్పనక్కర లేకుండా ఆమె వేళ్లే ఆగిపోయేవి. వారానికి రెండు శ్లోకాలు, ఒక్కోసారి ఒకటి. పొద్దున్నే ఎక్కగానే ఒక మూర మల్లెపూలు తుంచి నా జడలో పెట్టేది. అది నాకు గోష్ఠిలో మొదటి మర్యాదలా ఉండేది. ఇందులో నా గర్వం ఉంది, కాదనను. ఏడాది దాటేసరికి ఆమెకు సగం పైగా వచ్చేసింది.

అప్పుడే ధనుర్మాసపు మంచులో నా గొంతు పోయింది. మాట్లాడితే గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు నెలరోజులు నోరు విప్పవద్దన్నాడు. మా ఆయనకు కావలసింది సరిగ్గా అదే. కొత్త యంత్రం కనిపిస్తే చాలు, ఆయనకు తిండి సహించదు. అప్పటికే ఇంట్లో కుక్కరు వచ్చింది, మిక్సీ వచ్చింది. ఆ మిక్సీ తిరుగుతున్నప్పుడు వీధిలో ఎవరైనా పిలిచినా వినబడదు, ఆగినా కాసేపు వినబడదు. అందులో చేసిన చట్నీ తిని ఆయన తప్ప ఎవరూ మెచ్చుకోలేదు. చివరగా మద్రాసు నుంచి టేప్ రికార్డరు తెచ్చి, దానికి అంచు కుట్టిన గుడ్డ కప్పి, వారానికొకసారి దూదితో లోపల తుడిచేవారు. నా కళ్లద్దాలు నేను ఎన్నడూ అంత శ్రద్ధగా తుడుచుకోలేదు.

"నువ్వు నోరు నొప్పించుకోవద్దు. దీన్ని బండిలోకి తీసుకుపో. వెయ్యి నామాల క్యాసెట్టు వేయించి తెస్తాను" అన్నారు.

ఊళ్లో ఒక రికార్డింగు షాపులో వేయించారు. షాపతను ఊరికే ఉండక, ముందు ఒక భక్తి పాట నింపి ఆ తరువాత నామాలు ఎక్కించాడు. అందువల్ల నామాలు ఒక పక్కన పట్టక, చివర కొన్ని రెండో పక్కకు పోయాయి. నేను తలూపాను. నెలరోజులేగా అనుకున్నాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకు మంట.

మొదటిరోజు కిటికీ పక్కన పెట్టెను పెట్టి మీట నొక్కగానే బోగీ అంతా నోరు తెరిచింది. రెండో రోజు నర్సమ్మ దానికి బొట్టు పెట్టింది. ఈ నర్సమ్మ ఆసుపత్రిలో పనిచేసేది. మంచి మనిషే, కానీ నోటికి మూత లేదు. క్యాసెట్టు ఒక పక్క అయిపోగానే 'టక్' మని తీసి, అరచేతిలో తిప్పి రెండో పక్క వేసే పని తనే పెట్టుకుంది.

నెల తిరిగింది, గొంతు వచ్చింది. ఆ పొద్దున నేను గొంతు సవరించుకుని మొదటి పాదం ఎత్తుకోబోయాను.

"టీచరమ్మా, మీరు గమ్మున కూర్చోండి. ఇప్పుడే గొంతు బాగయింది. పెట్టెలో ఆయన సక్కంగా చెప్తా ఉండాడు కదా" అంది నర్సమ్మ.

"ఆయనకు దగ్గు రాదు, జలుబు రాదు" అంది చిక్కుళ్లామె.

"సెలవు కూడా పెట్టడు" అంది ఎప్పుడూ నిద్రపోయే ఆమె, కళ్లు కూడా తెరవకుండా.

నేను అడిగాను. "అయితే ఈ పుణ్యం ఎవరికి పోతుంది? పెట్టెకా, అందులోని సెల్లులకా?"

"మీ ఇంటికే గదా పోతాది, పెట్టె మీదే గదా!" అని నర్సమ్మ అనగానే అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఏ ఇంట్లోనైనా భోజనం మనమే చెయ్యాలి, మన బదులు ఫోటో చేస్తే కడుపు నిండదు. నామం కూడా అంతే కదా? నోరు ఇచ్చినవాడికి నోటితో తిరిగి ఇవ్వాల్సిన దాన్ని నాలుగు సెల్లులకు అప్పజెప్పి చేతులు ముడుచుకుని కూర్చుంటే దాన్ని పారాయణ అంటారా? అదే అడిగాను, గట్టిగానే అడిగాను. నా మాట పూర్తయ్యేలోపలే నర్సమ్మ మీట నొక్కేసింది. "పెట్టె మీరే ఉంచుకోండి!" అనేసి వెళ్లి బెంచీ చివర, కిటికీ తట్టు తిరిగి కూర్చున్నాను. ఆరోజు పూలామె తుంచిన మూర మల్లెలు పెట్టె పిడికి చుట్టుకున్నాయి. నేను చూడనట్టు చూశాను.

ఆ తరువాత పది నెలలు నేను ఆ బోగీలోనే కూర్చుని ఆ గోష్ఠిలో లేను. పిల్లల నోటుపుస్తకాలు దిద్దేదాన్ని. కోపంగా దిద్దితే ఎర్ర సిరా ఎంత తొందరగా అయిపోతుందో ఆ ఏడే తెలిసింది. ఒకసారి సెల్లులు బలహీనపడి పెట్టెలోని గొంతు సాగిపోయింది. బావిలో కూర్చుని చెబుతున్నట్టు ఒక్కో నామం ఒక్కో ఫర్లాంగు. వీళ్లంతా అంత నిదానంగానూ తలలు ఊపుతూ పెదవులు కదిపారు. చిక్కుళ్లామె కళ్లు తుడుచుకుని, "ఈ పొద్దు ఎంత కరిగించి చెప్తా ఉండాడో చూడండి" అంది. మరునాడు కొత్త సెల్లులు వేశాక అదే గొంతు బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు పరుగెత్తింది. వీళ్లూ పరుగెత్తారు. ఇంక నేనేం చెప్పాలి?

సంత ఆగిపోయింది. పూలామె ఒకసారి, రెండుసార్లు నా పక్కకు జరిగి కూర్చుంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. మూడోసారి ఆమె రాలేదు. పెట్టె ముందు కూర్చుని, మాల కడుతూ, పెదవులు కదుపుతూ కనిపించేది. పెట్టె ఒకసారి చెబుతుంది, రెండుసార్లు చెప్పేవాళ్ల కోసం ఆగదు. నేర్చుకుంటే నేర్చుకోనీ, లేకపోతే మానుకోనీ అనుకున్నాను. దేవుడి పేరు మీద మొదలైన కోపం మెల్లగా నా పేరు మీదికి మారిందని అప్పుడు తెలియలేదు.

కార్తీకం వచ్చింది. పంచమి తీర్థం ఇంక నాలుగు రోజులుందనగా నర్సమ్మ పండగ దాకా సెలవు పెట్టింది. ఆమెతోపాటు పెట్టె కూడా రాలేదు. బోగీ బోసిగా ఉంది. పూలామె గంప పక్కకు జరిపి వచ్చి నా ఎదుటి బెంచీ మీద కూర్చుంది.

"టీచరమ్మా, అప్పజెప్తాను. ఇంటారా?"

"అంతా వచ్చేసిందా?"

"వచ్చేసినాది. వెయ్యీ."

నేను పుస్తకం మూశాను. ఆమె మొదలుపెట్టింది. సంతలో నేను చెప్పిన సగం నేను చెప్పినట్టే, నా విరుపులతో సహా చెప్పింది. తరువాతి సగం పెట్టెలోని గొంతు విరుపులతో చెప్పింది. వింటూ ఉంటే నా కోపం కాస్త నీరుకారింది. చదువురాని మనిషి, పది నెలల్లో, ఆగని యంత్రం వెంట పరుగెత్తి ఇంత పట్టుకుంది! చివరికి వస్తోంది. ఒక శ్లోకం మొదటి సగం చెప్పింది. ఆగింది. దారం వదిలి, కుడి అరచేయి పైకెత్తి ఇటు నుంచి అటు తిప్పింది. ఒక క్షణం కళ్లు మూసుకుంది. తరువాతి శ్లోకంలోని రెండో సగంతో మళ్లీ ఎత్తుకుంది.

"ఆగు!" అని అరిచాను. చిక్కుళ్లామె ఒళ్లోని సంచి జారి చిక్కుళ్లు కింద పడ్డాయి. "ఏం చేశావు? చెయ్యి ఎందుకు తిప్పావు?"

"ఆడ ఆగి తిప్పాల గదా?"

"ఎవరు చెప్పారు?"

"నర్సమ్మ రోజూ తిప్పుతాది గదా. అందరూ గమ్మున ఉంటారు. ఆడ ఊపిరి పట్టి అమ్మవారిని తలుచుకోవాలేమో అనుకున్న్యా. నేను రోజూ తలుచుకుంటా ఉండా."

నాకు అర్థమైంది. క్యాసెట్టు ఒక పక్క చివర ఒక శ్లోకం సగంలో తెగిపోయింది. షాపతను రెండో పక్క మొదలుపెట్టేసరికి తరువాతి శ్లోకం సగం జారిపోయింది. ముందుదాని తల, వెనకదాని తోక అతుక్కుని, వినడానికి ఒక నిండు శ్లోకంలాగే ఉంది. మధ్యలో ఎనిమిది నామాలు లేవు. పది నెలలుగా ఒక బోగీ ఆడవాళ్లు ఎనిమిది నామాలు తక్కువగా పారాయణ చేశారు. ఈమె ఆ తెగిన చోటును కూడా మంత్రంలాగే నేర్చుకుంది.

నా నోరు ఆగలేదు. షాపతన్ని తిట్టాను, మా ఆయన్ను తిట్టాను, అక్కడ లేని నర్సమ్మను తిట్టాను, సెల్లులను, మీటలను, ఆ నల్ల పెట్టెను చేసినవాడి వంశాన్ని తిట్టాను. చిక్కుళ్లామె కింద ఏరుకుంటూ, "వెయ్యిలో ఎనిమిదే గదా టీచరమ్మా. దేవుడేమన్నా ఎంచుకుంటా కూర్చోనుంటాడా?" అంది.

"అయితే వెయ్యి అని ఎందుకన్నారు? సుమారుగా అనకపోయారా!" అన్నాను.

పూలామె మాల గంపలో పెట్టింది. తల ఎత్తి నా వైపు చూసింది.

"మీరు ఈడనే ఉంటిరి గదా టీచరమ్మా" అంది. "పది నెల్లు. ఇదే బెంచీ మీద. మీకు వెయ్యీ తెలుసు. మీ చెవిలో పడలేదా?"

అప్పటిదాకా నేను తిట్టినవాళ్లలో ఒక్కరికీ ఆ మాట తగలలేదు, తగలాల్సిన చోటే తగిలింది. బండి పనపాకంలో ఆగింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. పేకాటవాళ్లు "షో!" అన్నారు.

"రా, చెప్పు" అన్నాను. ఆ జారిపోయిన రెండు సగాలు చెప్పాను. నేను ఒకసారి, ఆమె రెండుసార్లు. పాకాల వచ్చేలోపల వచ్చేశాయి. విడిగా అడిగితే తప్పు లేకుండా చెప్పింది. కానీ మొత్తం వరుసలో చెప్పమంటే ఆ చోటికి రాగానే చెయ్యి దానంతటదే లేచి తిరిగేది, నోరు దూకేసేది. మరునాడూ అంతే. ఆ తరువాతి రోజూ అంతే. మూడో రోజు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ ఏడు వద్దులే టీచరమ్మా. ఓటి కుండ పట్టుకోని ఆమె ముందర యాడ నిలబడేది?"

"నేను వస్తాను. నువ్వు చెప్పు" అన్నాను.

పంచమి తీర్థం నాడు సెలవు పెట్టి తెల్లవారకముందే తిరుచానూరు చేరాను. అప్పటికే మాడ వీధుల్లో కాలు పెట్టే సందు లేదు. పూలామె ఊరి మనిషి కాబట్టి ఎక్కడో గోడ వారగా, గోపురం తిన్నగా కనిపించే చోటు పట్టి ఉంచింది. కొత్త చీర కట్టింది. ఆరోజు గంప లేదు. మాల లేని ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నేను ఎదురుగా నిలబడ్డాను. అంత జనంలో అది రెండు వరుసల గోష్ఠి అని ఎవరికీ తెలిసి ఉండదు.

ఆమె మొదలుపెట్టింది. మైకులు, బూరలు, తప్పిపోయిన పిల్లల పేర్లు, వాటన్నిటి మధ్య ఆమె గొంతు వినడానికి నేను ముందుకు వంగి ఉండాల్సి వచ్చింది. పది నెలలు వినని చెవులు ఆరోజు ఒక్క అక్షరం జారనివ్వలేదు. సగం దాటింది. పెట్టె నేర్పిన సగంలోకి వచ్చింది. ఆ చోటు వచ్చింది. ఆగింది. కుడి చెయ్యి లేచింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని, జారిపోయిన రెండు సగాల్లో మొదటిది చెప్పాను, ఒకసారి.

ఆమె రెండుసార్లు చెప్పింది.

రెండోది చెప్పాను. ఆమె మళ్లీ రెండుసార్లు చెప్పింది. అక్కడి నుంచి నా పట్టులోంచి చెయ్యి విడిపించుకుని చివరిదాకా తనే వెళ్లిపోయింది. అయ్యాక నేల మీద సాగిలపడబోయింది, జనం చోటు ఇవ్వలేదు. నిలబడే దండం పెట్టింది.

"సూడకుండా, ఒకరు చెప్పకుండా అనుకుంటి" అంది. "అయినా ఆ ఎనిమిదీ రెండేసి సార్లు చెప్పినా గదా, ఆమెకు తక్కువ పడలే."

ఇంటికి వచ్చి మా ఆయనకు జరిగింది చెప్పి, ఆ షాపతన్ని అనాల్సినవన్నీ ఆయన్ను అన్నాను. ఆయన పాపం, "రేపే ఇంకో క్యాసెట్టు వేయిస్తాను, ఒక్క అక్షరం తెగకుండా" అన్నారు.

మరునాడు బండిలో నర్సమ్మ మామూలుగా పెట్టెను కిటికీ పక్కన పెట్టింది. నేను మామూలుగా కిటికీ తట్టు తిరిగాను. ఒక పక్క అయిపోయి 'టక్' మనగానే నర్సమ్మ చెయ్యి చాచింది. పూలామె ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

"ఆగు మే. పెట్టెకు రానివి ఉండాయి. టీచరమ్మ చెప్తాది."

పది ముఖాలు నా వైపు తిరిగాయి. నేను చెప్పాను. రెండు బెంచీలూ రెండుసార్లు చెప్పాయి. ఆ తరువాతే నర్సమ్మ క్యాసెట్టు తిప్పింది. అంటే తొమ్మిది వందల తొంభై రెండు నామాలు ఆ నల్ల పెట్టెవి, ఎనిమిది నావి! మా నాయన అంత కష్టపడి నాకు సంత చెప్పింది ఇందుకా అని నాకు మళ్లీ మంట రేగింది.

"మా ఆయన మంచి క్యాసెట్టు వేయిస్తానంటున్నారు. ఇంక ఈ అవస్థ ఉండదు" అన్నాను పూలామెతో, కాస్త ఎత్తిపొడుపుగానే.

"వద్దని చెప్పండి" అంది ఆమె. "ఆ సందు పూడిస్తే మీరు మళ్లా కిటికీ తట్టు తిరుక్కోని కూర్చుంటారు."

అని, పెట్టె పిడికి చుట్టి ఉన్న మూర మల్లెలు విప్పి, పళ్లతో దారం తెంపి రెండు చేసింది. ఒక ముక్క పెట్టెకు కట్టింది. రెండోది నా జడలో పెట్టింది. పెట్టెది కాస్త పొడుగ్గా ఉన్నట్టు నాకు ఇప్పటికీ అనుమానం.